పునాది కింది నేల: కట్టడమూ మట్టీ కలిసి నడిచిన చరిత్ర

మన తెలుగులో ‘పునాది’ అనే మాట ఫార్సీ ‘బునియాద్’ నుండి వచ్చింది. తెలంగాణ పల్లెల్లో ‘బునాది’ అని పలికేవారు నేటికీ ఉన్నారు. ఇల్లు కట్టే పనిలో ఇటువంటి మాటలు కొల్లలు. ‘గచ్చు’ ఫార్సీ నుండి వచ్చింది; ‘మేస్త్రీ’ పోర్చుగీసు నుండి వచ్చింది. భాషలు వేరైనా పనివాళ్లు ఒకే గోడ దగ్గర కలిసి పని చేశారనడానికి ఈ మాటలే సాక్ష్యం. అయితే ఇక్కడ ఒక సంగతి గమనించవలసి ఉంది. పునాది అన్నది మనిషి వేసినదానికి పేరు. దాని కింద ఉన్నదానికి, అనగా మనిషి వేయనిదానికి, చరిత్ర గ్రంథాలలో సాధారణంగా చోటుండదు. ఒక మస్జిద్ గురించి వ్రాసేటప్పుడు ఎవరు కట్టించారు, ఏ సంవత్సరంలో కట్టించారు, మినార్ల ఎత్తెంత, శాసనంలో ఏమున్నది అని వ్రాస్తాము. అది ఏ మట్టి మీద నిలిచి ఉన్నదో వ్రాయము.

ఈ వ్యాసంలో చెప్పదలచినది ఒక్కటే. కట్టడమూ నేలా కలిసి నిలబడతాయి, లేదా కలిసి కుంగుతాయి. కట్టడం బరువు నేలను మారుస్తుంది; మారిన నేల కట్టడంలోని బరువుల పంపకాన్ని మారుస్తుంది. ఈ సత్యం పాత పనివాళ్లకు చేతి అనుభవంగా తెలుసు. దానిని లెక్కలోకి తేవడానికి శాస్త్రజ్ఞులకు దాదాపు 100 సంవత్సరాలు పట్టింది. పాత మస్జిద్‌లపై అంతస్తులు, వాటి పక్కన కొత్త మినార్లు లేస్తున్న ఈ రోజుల్లో ఆ చరిత్ర మనకు పనికివచ్చే చరిత్ర.

మెదక్ నేల చెప్పే పాఠం

ముందు మన ఊరి నుండే మొదలుపెడదాము. మెదక్ కోట గ్రానైటు గుట్ట మీద ఉన్నది. కాకతీయుల కాలం నుండి ఉన్న ఈ దుర్గంలో ఆ తరువాత కుతుబ్‌షాహీలు మస్జిద్‌ను, ముబారక్ మహల్‌ను, ధాన్యపు కొట్లను కట్టించారు. మెదక్‌కు గుల్షనాబాద్ అన్న పేరు కూడా వారి కాలపుదే. కోట గోడ గుట్ట వంపుననుసరించి వంగుతూ పోతుంది. రాయి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూసి గోడను నడిపించారన్నమాట. అక్కడ నేల కుంగదు; కనుక గోడకు తన బరువు తప్ప వేరే చింత లేదు.

గుట్ట దిగితే కథ మారుతుంది. చుట్టూ ఎక్కువగా ఎర్ర చెల్క నేలలు. దాని కింద మొరం, మొరం కింద రాయి. జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు పోతే నల్లరేగడి. చెల్కలో కట్టిన గోడ ఒక విధంగా ప్రవర్తిస్తుంది, రేగడిలో కట్టిన అదే గోడ మరొక విధంగా ప్రవర్తిస్తుంది. ఇటుక అదే, సున్నం అదే, మేస్త్రీ కూడా అతడే కావచ్చు. తేడా అంతా నేలది.

ఇక మంజీరా దగ్గరకు పోదాము. ఏడుపాయల వద్ద ఘనపురం ఆనకట్ట 1905లో కట్టినది. దాని కాలువలకు మహబూబ్ నహర్, ఫతే నహర్ అని పేర్లు. 1916 నుండి 1922 వరకు ఆలేరు వాగు మీద పోచారం కట్ట లేచింది. 1923 నుండి 1931 వరకు, నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో, అదే మంజీరా మీద నిజాంసాగర్ లేచింది. ఆనకట్టకు నేలతో ఉన్న సంబంధం ఇంటికన్నా కఠినమైనది. ఇల్లు నేలను కిందికి మాత్రమే నొక్కుతుంది. ఆనకట్టను నీరు పక్కనుండి తోస్తుంది, కింది నుండి పైకి ఎత్తుతుంది, అడుగు మట్టిని రేణువు రేణువుగా మోసుకొని పోజూస్తుంది. 2025 ఆగస్టు ఆఖరులో కామారెడ్డి, మెదక్ జిల్లాలను ముంచెత్తిన వరదలో పోచారం కట్ట ఉంటుందా పోతుందా అని కింది గ్రామాల జనం భయపడ్డారు. నూరేళ్లు దాటిన ఆ కట్ట నిలిచింది. అటువంటప్పుడు మనం పైరాతిని మెచ్చుకుంటాము. ఆ రాయి దేనిని పట్టుకొని నిలిచిందో కూడా తలచుకోవడం న్యాయం.

పాతవారి నేర్పు

కాకతీయులు నేలను మార్చుకొని కట్టడం కూడా ఎరుగుదురు. పాలంపేటలో 1213 నాటి రామప్ప దేవాలయానికి, హనుమకొండ వేయిస్తంభాల గుడికి పునాదిగా లోతైన గుంత తీసి, ఇసుక నింపి, దానిపై రాళ్లు పేర్చారని పరిశోధకులు చూపించారు. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని పురావస్తు శాఖవారు ఈ శతాబ్ది మొదట్లో విప్పినప్పుడు ఆ ఇసుక పొర బయటపడింది; మరల నిలిపిన మండపం 2024లో తెరుచుకున్నది. గుంతలో అన్ని వైపులా బిగించిన ఇసుక బరువును సమంగా పంచుతుంది. అయితే ఇసుక పక్కలకు జారిపోతే ఆ మేలు పోతుంది. రామప్పను 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆగ్రాలో తాజ్‌మహల్ కట్టినవారికి ఎదురైన చిక్కు వేరు. యమున ఒడ్డు మెత్తన. వారు నదివైపు బావులు దించి, వాటిని రాయి, సున్నంతో నింపి, ఆ బావుల తలల మీద కట్టడాన్ని నిలిపారు. నేల బలహీనమైనప్పుడు లోతుకు పోయి బలాన్ని వెదకడం అన్నమాట.

విద్వాంసులు కూడా ఈ విషయాన్ని విస్మరించలేదు. 1377లో ‘ముఖద్దిమా’ను రచించిన ఇబ్న్ ఖల్దూన్ అందులో కట్టడపు పనికి ఒక ప్రకరణమే కేటాయించాడు. రెండు చెక్కల నడుమ సున్నం కలిపిన మట్టిని పోసి, దిమ్మిసలతో కొట్టి గోడ లేపే విధానాన్ని అందులో వర్ణించాడు. మట్టిని కొట్టేకొద్దీ గట్టిపడుతుందన్న ఆ ఎరుకే నేటి రోడ్డు రోలరుకు మూలం.

ఇక అరబీ చదివినవారికి తెలిసిన మాట ఒకటి ఉన్నది. తౌబా సూరాలోని 109వ ఆయత్‌లో దైవభీతి మీద పునాది వేసిన కట్టడానికీ, కూలబోతున్న ఒడ్డు అంచున వేసిన కట్టడానికీ పోలిక ఉన్నది. అక్కడ వాడిన పదం ‘జురుఫ్’. ప్రవాహం అడుగును కోసివేయగా పైన వేలాడుతూ మిగిలిన గట్టును జురుఫ్ అంటారని నిఘంటుకారులు వివరించారు. ఆ ఆయత్ ఉద్దేశం మనుషుల అంతరంగాన్ని గురించినది. దానిని ఇంజనీరింగు పాఠంగా మార్చడం సబబు కాదు. అయినా పోలికలోని నిశితత్వం గమనించదగినది. ఆ గట్టు పైనుండి చూస్తే గట్టి నేలగానే కనిపిస్తుంది. లోపం కంటికి కనబడని చోట ఉన్నది. వంతెనల స్తంభాల అడుగున వరద కోత గురించి నేటి ఇంజనీర్లు చెప్పేది సరిగ్గా ఇదే.

నేలను లెక్కలో పెట్టిన తొలివారు

యూరపులో ఈ విషయం లెక్కలోకి రావడం మెల్లమెల్లగా జరిగింది. 1776లో ఫ్రెంచి ఇంజనీరు కూలుంబ్ ఆపుగోడ వెనుక మట్టి ఎంత బలంతో తోస్తుందో లెక్క కట్టాడు. 1867లో ప్రేగ్ నగరంలో వింక్లర్ ప్రచురించిన గ్రంథంలో ఒక సులువైన ఊహ ఉన్నది. పునాది కింది నేలను పక్కపక్కన నిలిపిన స్ప్రింగుల వరుసగా భావించాడు. ఎక్కడ ఎంత నొక్కితే అక్కడ అంతకు తగినట్లు కుంగుతుంది. ఈ లెక్క మొదట రైలు పట్టాలకు బాగా ఉపకరించింది. 2022లో అక్కన్నపేట నుండి మెదక్‌కు రైలు వచ్చింది. ఆ పట్టా మీద చక్రం నడిచేటప్పుడు పట్టా ఎంత వంగుతుందన్న లెక్కకు నేటికీ వింక్లర్ ఊహే ఆధారం.

కాని ఇందులో ఒక లోపమున్నది. వింక్లర్ స్ప్రింగుకు పక్క స్ప్రింగుతో పరిచయం లేదు. ఒకటి కుంగినా పక్కది కదలదు. నిజమైన నేల అలా కాదు. నులక మంచం మీద ఒకచోట కూర్చుంటే ఆ చోటే కాక చుట్టుపక్కల నులక కూడా కొంత దిగుతుంది. మట్టి స్వభావం ఈ నులకకు దగ్గర. 1885లో ఫ్రెంచి గణితజ్ఞుడు బూసినెస్క్ ఒక బిందువు మీద పెట్టిన బరువు నేల లోపల ఎలా నలుదిక్కులా విస్తరిస్తుందో సూత్రంలో చూపాడు. 1954లో రష్యన్ ఇంజనీరు పాస్టర్నాక్ వింక్లర్ స్ప్రింగుల తలలను కలుపుతూ ఒక పొరను ఊహించాడు. మంచానికి నులక అల్లినట్లన్నమాట.

మన ఉపఖండంలో ఈ విద్యకు జరిగిన సేవ కూడా తక్కువది కాదు. పంజాబు నదుల ఆనకట్టలు ఇసుక మీద కట్టినవి. వాటి కింద నీరు దారి చేసుకొని పోయి కట్టను దెబ్బతీయడం అక్కడి ఇంజనీర్లు చూశారు. ఖోస్లా, బోస్, టేలర్ అనే ముగ్గురు ఆనకట్టల అడుగున గొట్టాలు దింపి, నీటి ఒత్తిడిని కొలిచి, ఆ కొలతలను గణితంతో సరిపోల్చి 1936లో గ్రంథంగా వెలువరించారు. ఆ పద్ధతిని ఇంజనీరింగు కళాశాలల్లో నేటికీ బోధిస్తున్నారు.

ఇస్తాంబుల్‌లో పుట్టిన శాస్త్రం

మట్టి శాస్త్రానికి ఆద్యుడని పేరు పొందిన కార్ల్ తెర్జాగీ 1883లో ప్రేగ్‌లో జన్మించాడు. అతడి ముఖ్యమైన పరిశోధన మాత్రం ఉస్మానియా ఖిలాఫత్ రాజధానిలో జరిగింది. మొదటి ప్రపంచయుద్ధం నడుమ 1916లో ఇస్తాంబుల్‌లోని ప్రభుత్వ ఇంజనీరింగు పాఠశాలకు ఉపాధ్యాయుడుగా వచ్చాడు. యుద్ధం ముగిసి, ఓడిన పక్షంవాడైన అతడి ఉద్యోగం పోయాక అదే నగరంలోని అమెరికన్ కళాశాల అయిన రాబర్ట్ కాలేజీలో చేరి 1925 వరకు ఉన్నాడు. పరికరాలు లేవు, డబ్బు లేదు. చేతికి దొరికిన వస్తువులతో తానే పరికరాలు చేసుకొని బంకమట్టిని నొక్కి చూశాడు.

అతడు కనిపెట్టినదానిని వంటింటి ఉదాహరణతో చెప్పవచ్చు. పెరుగును గుడ్డలో మూటకట్టి దానిపై బరువు పెట్టామనుకోండి. పెట్టిన క్షణంలో బరువును లోపలి నీరే మోస్తుంది. నీరు చుక్కచుక్కగా కారేకొద్దీ బరువు గట్టి భాగానికి బదిలీ అవుతుంది, మూట చిక్కిపోతుంది. తడి బంకమట్టి మీద కట్టిన ఇల్లు కూడా ఇంతే. అందుకే కట్టిన నాడు బాగున్న గోడ పదేళ్ల తరువాత బీట వేయవచ్చు. నీరు ఎంతకాలంలో బయటపడుతుందో చెప్పే సమీకరణాన్ని తెర్జాగీ 1923లో ప్రకటించాడు. 1925లో అతడి గ్రంథం వియన్నాలో వెలువడింది. ఆ సంవత్సరమే అతడు అమెరికా చేరాడు.

ఇక్కడ చరిత్రకారుడు గమనించవలసిన విషయం ఒకటున్నది. ఓటమిలో మునిగిన రాజధాని, ఉద్యోగం పోయిన ఉపాధ్యాయుడు, చిన్న ప్రయోగశాల. ఆనాటి ఇస్తాంబుల్ గురించి మనం చదివే చరిత్ర అంతా ఖిలాఫత్ పతనమే. అదే నగరంలో అదే సంవత్సరాలలో ప్రపంచమంతా వాడుకుంటున్న ఒక విద్య రూపుదిద్దుకున్నదని మన పాఠకులలో ఎందరికి తెలుసు?

రెండు వాలు గోపురాలు

ఆ సమీకరణం ఎంత గొప్పదో ఇటలీలోని పీసా గోపురం చూపుతుంది. దాని పని 1173లో మొదలైంది. మూడు అంతస్తులు దాటాక ఆగి దాదాపు 100 సంవత్సరాలు నిలిచిపోయింది. ఆగకుండా కట్టి ఉంటే అది అప్పుడే కూలిపోయేదని నేటి లెక్కలు చెబుతున్నాయి. ఆ విరామంలో బంకమట్టిలోని నీరు బయటపడి నేల గట్టిపడింది. వాలు ఏటేటా పెరుగుతుండగా 1990లో గోపురాన్ని మూసివేశారు. శాస్త్రజ్ఞులు కంప్యూటరులో నేలనూ గోపురాన్నీ కలిపి నమూనా కట్టి, ఎత్తుగా ఉన్న ఉత్తరపు వైపు అడుగు నుండి మట్టిని కొద్దికొద్దిగా తీశారు. గోపురం దాదాపు అర డిగ్రీ వెనుకకు వచ్చింది. 2001లో తిరిగి తెరిచారు. నేలకు వైద్యం చేసి కట్టడాన్ని రక్షించారన్నమాట.

పీసా గోపురం మొదలైన కాలంలోనే మోసుల్‌లో నూరుద్దీన్ జంగీ పేర జామె నూరీ మస్జిద్ లేచింది. దాని మినారు కూడా శతాబ్దాల తరబడి వాలి, ‘అల్ హద్బా’, అనగా గూనిది, అని పేరు తెచ్చుకున్నది. 1981లో దాని పునాదులను ఇటలీ నిపుణులు బలపరచారు. అంతటి మినారును 2017 జూన్‌లో ఉగ్రవాదులు పేల్చివేశారు. యునెస్కో సహాయంతో తిరిగి కట్టగా 2025లో మస్జిద్ తెరుచుకున్నది. నేల 800 సంవత్సరాలకు పైగా మోసినదానిని మనిషి క్షణంలో కూల్చాడు.

అంకెల మార్గం

బూసినెస్క్, తెర్జాగీ అనుసరించినది సూత్రమార్గం. నేల అంతా ఒకే విధంగా ఉన్నదని అనుకుంటేనే సూత్రం సులువుగా లొంగుతుంది. నిజంలో పది అడుగులకు ఒక పొర. కనుక 1950ల తరువాత ఇంజనీర్లు మరొక దారి పట్టారు. నేలనూ కట్టడాన్నీ వేలాది చిన్న ముక్కలుగా విభజించి, ప్రతి ముక్కకూ దాని గుణాన్ని ఇచ్చి, ముక్కకూ ముక్కకూ మధ్య బలాలను కంప్యూటరుతో లెక్కించడం. ఈ పద్ధతికి 1960లో అమెరికన్ ఇంజనీరు క్లఫ్ పేరు పెట్టాడు.

దీనివల్ల తేలిన ముఖ్యమైన సంగతిని ఒక ఉదాహరణతో చూద్దాము. వరుసగా ఐదు స్తంభాలున్న భవనం ఉన్నదనుకోండి. నేల కదలదనుకొని లెక్క కడితే మధ్య స్తంభం బరువు ఎక్కువ, చివరివాటికి తక్కువ. కాని మెత్తని నేలలో మధ్య భాగం ఎక్కువ కుంగుతుంది. కుంగగానే దూలాలు ఆ బరువును పక్కలకు నెట్టుతాయి. చివరి స్తంభాలకు లెక్కలో లేని బరువు చేరుతుంది. అంటే కాగితం మీద బలమైనదిగా తేలిన స్తంభం నిజంలో బలహీనమైనది కావచ్చు. కూటంలో ఒకడు కాలు జారితే మోత మిగిలినవారి మీద పడినట్లు.

1985 సెప్టెంబరు 19న మెక్సికోలో భూకంపం వచ్చినప్పుడు దాని కేంద్రం రాజధానికి 350 కిలోమీటర్లకు పైగా దూరం. అయినా పాత సరస్సు పూడికపై లేచిన ప్రాంతంలో భవనాలు కుప్పకూలాయి. ఆ మెత్తని పూడిక సుమారు 2 సెకన్లకొకసారి ఊగింది. అదే లయలో ఊగగల మధ్యరకం ఎత్తు భవనాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. పక్కన గట్టి నేల మీద ఉన్న ఇళ్లకు అంత నష్టం లేదు. మనకు పొరుగున ఉన్న లాతూర్ ప్రాంతంలో 1993 సెప్టెంబరు 30న భూకంపం వచ్చి వేలాది మంది మరణించారు. అక్కడ ఎక్కువ మందిని చంపినవి మట్టితో పేర్చిన మందపు రాతి గోడలు, వాటిపై మోపిన బరువైన కప్పులు.

అయితే కంప్యూటరు తనకిచ్చిన మట్టి గుణాలనే నమ్ముతుంది. బోరు వేయకుండా, మట్టిని పరీక్షించకుండా ఊహించి ఇచ్చిన అంకె మీద ఎంత గొప్ప లెక్క కట్టినా అది ఊహే.

రేగడి నేలకు మందు

నల్లరేగడిలో ఒక ప్రత్యేకమైన బంక ఉన్నది. అది నీరు తాగి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకొని నోరు తెరుస్తుంది. వానాకాలంలో ఇంటిని పైకెత్తి, ఎండాకాలంలో దింపుతుంది. ఇల్లు తేలికైతే ఎత్తడం మరీ సులువు. ఈ చిక్కుకు మనదేశంలోనే మందు కనిపెట్టారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు, అడుగున ఉల్లిగడ్డవలె ఉబ్బిన కాంక్రీటు స్తంభాలను నేలలో దించే పద్ధతిని రూపొందించారు. సుమారు 3.5 మీటర్ల లోతున తడిపొడుల మార్పు చాలా తక్కువ. అక్కడ ఆ ఉబ్బు పట్టుకొని నిలుస్తుంది. బొంబాయి ఐఐటీలో ఆచార్య కట్టి మరొక దారి చూపారు. ఉబ్బని బంకమట్టిని పొరగా పరిచి కొట్టి, రేగడి ఉబ్బును దానితో అదిమిపెట్టడం. కాలువల పనులలో ఈ పద్ధతిని వాడారు.

ఒక మాట, ఒక బాధ్యత

ఈ విద్య మన భాషలలోకి రావడానికి జరిగిన ప్రయత్నాన్ని కూడా చెప్పుకోవాలి. హైదరాబాదులో 1917లో దారుత్తర్జుమా ఏర్పడింది. మరుసటి సంవత్సరం ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంగా వెలసింది. 1929లో అక్కడ ఇంజనీరింగు కళాశాల మొదలైంది. పండితులు శాస్త్ర పరిభాషను అరబీ, ఫార్సీ ధాతువుల నుండి మలిచారు. 1948 తరువాత ఆ మాధ్యమం మారింది. తెలుగులో అటువంటి పనికి 1968లో తెలుగు అకాడమి ఏర్పడింది.

ఈ వ్యాసానికి విషయమైన సంబంధాన్ని అరబీ ఇంజనీర్లు ‘తఫాఉల్’ అంటారు. మద్రసాలో సర్ఫ్ చదివినవారికి ఈ రూపం పరిచితమే. ఆ బాబ్‌లో వచ్చే అనేక క్రియలలో ఒకరు చేసేవారు, మరొకరు అనుభవించేవారు అన్న భేదం ఉండదు. ఇద్దరూ చేసేవారే, ఇద్దరూ అనుభవించేవారే. మనం తెలుగులో ‘నేల మీద భారం’ అంటాము. అందులో భవనం చేస్తుంది, నేల భరిస్తుంది. అనువాదకుడుగా నాకు తోచేదేమనగా, ఈ విషయంలో మన వాక్యనిర్మాణమే మనల్ని తప్పుదారి పట్టిస్తున్నది. ‘పరస్పర చర్య’ అనే మాటను పాఠ్యపుస్తకాలకే వదలకుండా మేస్త్రీల దగ్గరకూ, మస్జిద్ కమిటీల దగ్గరకూ చేర్చాలి.

ఎందుకనగా ఇందులో ప్రాణాలు, ప్రజల చందాలు రెండూ ఇమిడి ఉన్నాయి. పాత మస్జిద్ ఒక అంతస్తుకు సరిపడా పునాదితో కట్టినది. దానిపై మరో రెండు అంతస్తులు లేపితే నేల మోసే బరువు మారుతుంది. తేలికైన హాలుకు ఆనించి బరువైన మినారు కడితే మినారు ఎక్కువ కుంగుతుంది, హాలు తక్కువ కుంగుతుంది, నడుమ గోడ చీలుతుంది. మెదక్ చర్చి గంటగోపురం సుమారు 173 అడుగుల ఎత్తుతో 1924 నుండి నిలిచి ఉన్నది. ఎత్తు కట్టడం మన నేలలో అసాధ్యం కాదనడానికి అది చాలు. కాని కొత్తగా కట్టే ప్రతి చోటా ఆ చోటి నేలనే అడగాలి.

అడగడం ఎలా? కట్టబోయే చోట రెండు మూడు చోట్ల బోరు వేయించి మట్టిని పరీక్షకు పంపాలి. పరీక్షలో తేలిన అంకెల మీద ఇంజనీరు చేత లెక్క కట్టించాలి. పాత కట్టడంపై అంతస్తు వేసే ముందు పాత పునాది పక్కన తవ్వి దాని వెడల్పు, లోతు చూడాలి. గోడ వెంట వాన నీరు, వుజూ నీరు నిలవకుండా దూరంగా పోయే దారి చేయాలి. బీట కనబడితే సిమెంటు పూసి దాచకుండా, అది పెరుగుతున్నదా లేదా అని తేదీ వ్రాసి చూడాలి. మొత్తం ఖర్చులో మట్టి పరీక్షకు అయ్యేది చాలా కొద్ది. అయినా కంటికి కనబడని పని గనుక దానికి దాతలు ముందుకు రారు. మినారుకు పేరు చెక్కించుకునేవారు దొరుకుతారు; బోరు గుంతకు పేరుండదు. వక్ఫ్ ధనం అమానత్ అని నమ్మేవారు ఆ పేరులేని గుంత నుండే పని మొదలుపెట్టాలి.